మంటల్లో పోయినవి, కాగితం మీద మిగిలినవి: గుడులను చెక్క మీదికి దింపిన యోషిదా హిరోషి

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీ వైపు వెళ్లే దారిలో పూరీ గేట్ వస్తుంది. ఒడిశా మీదుగా మన వైపు దిగే రైలు పట్టాలు ఇటుగానే సాగిపోతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పని కోసం వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు తరాలుగా ఈ ఊళ్లో ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కడ స్థిరపడినా గోడ మీద సింహాచలమో, అరసవల్లో, తిరుమలో క్యాలెండర్ బొమ్మగా ఉండటం మామూలే. ఏడాది గడిచిపోయినా ఆ బొమ్మను పారేయడానికి చేతులు రావు. తేదీల కాగితం చింపేసి, బొమ్మకు ఫ్రేము కట్టించేవాళ్లున్నారు.

గుడిని కాగితం మీద అచ్చు వేసి ఇంట్లో దాచుకోవడం జపాన్‌లో శతాబ్దాల నాటి కళ. అక్కడి చెక్క అచ్చుల ప్రింట్లను, ముఖ్యంగా ఆలయాల ప్రింట్లను, ఇవాళ ప్రపంచమంతా వెతికి కొంటోంది. ఆ సేకరణల్లో తరచూ వినిపించే పేరు యోషిదా హిరోషి. నిక్కో ద్వారం, క్యోటో బంగారు మండపంతో పాటు మన అజంతా, ఎల్లోరా, మధుర, సాంచీలను కూడా ఆయన చెక్క మీదికి దింపారు. ఆయన ప్రింట్లు వేసే నాటికి అజంతా, ఎల్లోరా హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నాయి. అయినా ఆయన పేరు తెలిసిన తెలుగు పాఠకులు తక్కువ.

ఆయన బతుకులో ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఆయన బొమ్మ కట్టినవాటిలో కొన్ని కట్టడాలు కాలిపోయాయి. ఆయన చెక్కలూ ఒకసారి కాలిపోయాయి. కాగితాలు మాత్రం చాలా చోట్ల మిగిలాయి.

దత్తపుత్రుడు

1876 సెప్టెంబర్ 19న క్యూషూ దీవిలోని కురుమే పట్టణంలో ఆయన పుట్టారు. ఇంటిపేరు ఉయెదా. తండ్రి బడిపంతులు. పిల్లవాడి చేతిలోని బొమ్మల నేర్పును గుర్తించింది డ్రాయింగ్ మాస్టారు యోషిదా కసాబురో. కొడుకులు లేని ఆయన 1891లో ఆ కుర్రాణ్ని దత్తత తీసుకున్నారు. అలా ఉయెదా వారి అబ్బాయి యోషిదా అయ్యాడు.

రెండేళ్లకు క్యోటో వెళ్లి పాశ్చాత్య చిత్రకళ నేర్చుకున్నారు. తర్వాత టోక్యోలో కోయామా షోతారో నడిపే ఫుదోషా చిత్రశాలలో చేరారు. పెంపుడు తండ్రి త్వరగానే కన్నుమూశారు. ఇరవై ఏళ్లు కూడా నిండని యువకుడి మీద ఆ ఇంటి బరువు పడింది.

అప్పటి జపాన్ చిత్రకళలో ప్రభుత్వ ఆదరణ అంతా కురోదా సెయికి వర్గానిది. ఫ్రాన్స్ వెళ్లి చదువుకోవడానికి సర్కారు ఖర్చులు అటువైపు వాళ్లకే దక్కేవి. యోషిదా తోటివాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. దాంతో 1899లో ఆయనా, మిత్రుడు నకగావా హచిరో కలిసి నీటిరంగుల బొమ్మలు మూటగట్టుకుని సొంత ఖర్చుతో అమెరికా ఓడ ఎక్కారు.

డెట్రాయిట్‌లో చార్లెస్ ఫ్రియర్ అనే సంపన్న కళాప్రియుణ్ని కలవాలన్నది వాళ్ల ఆలోచన. వెళ్లేసరికి ఆయన ఊళ్లో లేరు. ఏం చేయాలో పాలుపోక ఆ ఊరి మ్యూజియానికి వెళ్లారు. అక్కడి డైరెక్టర్ ఆర్మండ్ గ్రిఫిత్ వాళ్ల బొమ్మలు చూసి, అక్కడే ప్రదర్శన పెట్టించారు. బొమ్మలు బాగా అమ్ముడయ్యాయి. తర్వాత బోస్టన్‌లోనూ అంతే. ఆ డబ్బుతోనే యూరప్ కూడా చూసి 1901లో ఇంటికి చేరారు. మరుసటి ఏడాది మిత్రులతో కలిసి పసిఫిక్ చిత్రకారుల సంఘం స్థాపించారు. కసాబురో కూతురు ఫుజియో కూడా చిత్రకారిణే. 1903లో ఆమెతో కలిసి మళ్లీ విదేశాలకు వెళ్లారు. తిరిగొచ్చాక 1907లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

44వ ఏట మొదటి అచ్చు

అప్పటిదాకా ఆయనవి తైలవర్ణాలు, నీటిరంగులే. చెక్క అచ్చుల వైపు రావడానికి 1920 దాకా పట్టింది. టోక్యోలో మెయిజీ చక్రవర్తి స్మారకంగా కట్టిన మెయిజీ ఆలయం ఆ ఏడాదే ప్రతిష్ఠ జరుపుకుంది. ప్రచురణకర్త వతనబే షోజబురో అడగడంతో ఆ ఆలయ ఉద్యానాన్ని యోషిదా ప్రింటు కోసం చిత్రించారు. అంటే ఆయన మొదటి చెక్క అచ్చు ఆలయానిదే.

ఈ పని ఎలా సాగుతుందో తెలియాలంటే మన పెడన కలంకారీని గుర్తు చేసుకోవచ్చు. అక్కడ టేకు చెక్క మీద అచ్చు చెక్కుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. నేత గుడ్డ పరిచి, అచ్చును రంగులో ముంచి పైనుంచి అద్దుతారు. జపాన్‌లో ఇది తలకిందులు. చెర్రీ చెక్క బ్లాకును బల్ల మీద పెడతారు. కుంచెతో దాని మీద నీటిరంగు పూస్తారు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన గట్టి కాగితాన్ని దానిపై పరిచి, వీపు వైపు నుంచి బరెన్ అనే గుండ్రటి పట్టుతో రుద్దుతారు. ప్రతి రంగుకూ కాగితం మళ్లీ అదే చోట కూర్చోవాలి. అందుకోసం బ్లాకు మూలన చిన్న గాడి చెక్కుతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అప్పటిదాకా పడ్డ కష్టమంతా వృథా.

సంప్రదాయంగా ఈ పని నలుగురిది. చిత్రకారుడు గీస్తాడు, చెక్కేవాడు చెక్కుతాడు, అచ్చువేసేవాడు రంగు అద్దుతాడు, ప్రచురణకర్త డబ్బు పెట్టి ముగ్గురినీ నడిపిస్తాడు. ఎన్ని కాగితాలు తీయాలి, ఏ రంగు వాడాలి అన్నదాంట్లో చివరి మాట ప్రచురణకర్తదే. వతనబే దగ్గర యోషిదా ఈ పద్ధతిలోనే మరికొన్ని ప్రింట్లు చేశారు.

1923 సెప్టెంబర్ 1

ఆ రోజు మధ్యాహ్నం వేళకు టోక్యో, యొకొహామా ప్రాంతాన్ని పెను భూకంపం కుదిపేసింది. వంటపొయ్యిలు వెలుగుతున్న సమయం కావడంతో చెక్క ఇళ్ల నగరం అంటుకుంది. లక్ష మందికి పైగా చనిపోయారు. వతనబే దుకాణం కాలిపోయింది. అందులో ఉన్న యోషిదా బ్లాకులు, ప్రింట్లు కూడా బూడిదయ్యాయి.

అదే విపత్తులో మన గోడల తాలూకు నకళ్లు కూడా పోయాయి. అంతకు ఐదారేళ్ల ముందు అరాయ్ కంపో తదితర జపాన్ చిత్రకారులు అజంతాకు వచ్చి, గుహల్లో ఉండి ఆ వర్ణచిత్రాలకు నకళ్లు తీసి తీసుకెళ్లారు. అజంతా నకళ్లకు నిప్పు కొత్త కాదు. రాబర్ట్ గిల్ వేసినవి 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో కాలిపోయాయి. జాన్ గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలో చాలా భాగం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో కాలిపోయాయి. మూడోసారి టోక్యో వంతు.

యోషిదాకు అప్పటికి 47 ఏళ్లు. నిరాశ్రయులైన సంఘ సభ్యులను ఆదుకోవాలని, వాళ్ల బొమ్మలూ తన బొమ్మలూ పట్టుకుని ఫుజియోతో కలిసి అమెరికా వెళ్లారు. తైలవర్ణాలకు అనుకున్నంత గిరాకీ లేదు. జనం అడిగింది చెక్క ప్రింట్లను. ఇంకో సంగతి కూడా ఆయన కంట పడింది. అక్కడి బజారులో పాత ఉకియోయె ప్రింట్ల పేరుతో నాసిరకం కాగితాలు కూడా మంచి ధరకు పోతున్నాయి. తన దేశపు ఈ కళను ఇంతకన్నా బాగా చేసి చూపాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. దాదాపు 50 ఏళ్ల వయసులో ఆయన పని మొత్తాన్ని మార్చేసింది ఆ పట్టుదలే.

రెండక్షరాల ముద్ర

1925లో టోక్యో తిరిగొచ్చి సొంత కార్మికశాల పెట్టారు. ప్రచురణకర్తను పక్కన పెట్టేశారు. చెక్కేవాళ్లను, అచ్చువేసేవాళ్లను తానే జీతానికి పెట్టుకున్నారు. వాళ్ల కన్నా తనకు పని బాగా తెలిసి ఉండాలని ఉలి పట్టడం, బరెన్ రుద్దడం నేర్చుకున్నారు. కొన్ని బ్లాకులు స్వయంగా చెక్కారు. తాను దగ్గరుండి వేయించిన కాగితం అంచున ‘జిజురి’ అనే రెండక్షరాల ముద్ర వేసేవారు. స్వయంగా అచ్చువేసింది అని దాని అర్థం.

పాత ఉకియోయె ప్రింటుకు పదో పదిహేనో అద్దకాలు సరిపోయేవి. యోషిదా ప్రింటుకు సగటున ముప్పై దాకా పడేవి. రంగుల కింద బూడిద రంగు బ్లాకులు వేసి నీడకు లోతు తెచ్చేవారు. దూరం నుంచి చూస్తే నీటిరంగుల బొమ్మ అనిపిస్తుంది. దగ్గరకొస్తే చెక్క నార కనిపిస్తుంది.

ఆయన అసలు గొప్పతనం ఇంకో చోట ఉంది. అవే బ్లాకులను వాడి, రంగులు మాత్రం మార్చి, ఒకే దృశ్యాన్ని వేర్వేరు వేళల్లో అచ్చు వేసేవారు. 1925లో ఏథెన్స్ అక్రోపోలిస్‌ను పగలూ రాత్రీ వేశారు. 1926లో తెరచాప పడవలను ఉదయం, మధ్యాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి అంటూ చూపించారు. ఇది అలంకారం కోసం చేసింది కాదు. ఆయన ఏటా కొండలెక్కే మనిషి. రెండో కొడుక్కి హొదకా అని ఒక పర్వతం పేరే పెట్టుకున్నారు. శిఖరాల మీద గుడారం వేసుకుని వెలుగు మారేదాకా కాచుకుని కూర్చునేవారు. కొండైనా గుడైనా కదలదు, దాని మీది వెలుగు మాత్రం నిలవదు. ఆయన పట్టుకోవాలనుకున్నది ఆ నిలవనిదాన్ని.

నిజాం రాజ్యపు గుహలు, హిజ్లీ తూటాలు

1930లో అమెరికాలోని టొలెడో మ్యూజియం ఆధునిక జపాన్ ప్రింట్లతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అందులో యోషిదా ప్రింట్లు భారీ సంఖ్యలో ఉన్నాయి. ఆ ఏడాది చివర్లోనే ఆయన భారతదేశానికి బయల్దేరారు. వెంట పెద్దకొడుకు తోషి. 19 ఏళ్ల కుర్రాడు, చిన్నప్పుడే పోలియోతో ఒక కాలు దెబ్బతింది. తండ్రీకొడుకులు స్కెచ్ పుస్తకాలతో 1931 తొలి నెలల దాకా తిరిగారు.

ఈ ప్రయాణం నుంచి 1931, 1932లలో 30కి పైగా ప్రింట్లు వచ్చాయి. డార్జిలింగ్ నుంచి కాంచన్‌జంగ ఉదయం, మధ్యాహ్నం. పొగమంచులో, రాత్రి వెలుగులో తాజ్‌మహల్. కాశీ ఘాట్లు, అమృత్‌సర్ స్వర్ణమందిరం, ఫతేపూర్ సిక్రీ, ఉదయ్‌పూర్, సాంచీ స్తూప తోరణం, మధుర ఆలయం, అజంతా, ఎల్లోరా. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ అజంతాపై తన గ్రంథం తొలి భాగాన్ని వెలువరించింది 1930లోనే. నిజాం సర్కారు గుహల్లోని చిత్రాలను లెక్కకట్టి కాపాడే పనిలో ఉంటే, యోషిదా చూపు ఆ గుహల మీద పడే వెలుగు వైపు పోయింది.

చెక్క ఆలయాలకు అలవాటు పడ్డ కంటికి ఇక్కడ రాతి ఆలయాలు ఎదురయ్యాయి. జపాన్ గుడి దూలాల మీద, వాలు కప్పుల మీద నిలబడుతుంది. ఎల్లోరా కైలాసం కట్టింది కాదు, కొండను పైనుంచి కిందికి తొలిచింది. చెక్క అచ్చు పనీ అలాంటిదే. అక్కర్లేనిదాన్ని తొలిచేస్తే మిగిలినదే బొమ్మ అవుతుంది.

ఈ బొమ్మల్లో లేనిది కూడా చెప్పుకోవాలి. ఆయన వచ్చింది ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది. జైళ్లు నిండి ఉన్నాయి. గాంధీజీ విడుదలైంది 1931 జనవరి చివర్లో, ఇర్విన్‌తో ఒప్పందం కుదిరింది మార్చిలో. ఆ సెప్టెంబర్ 16న, పూరీ గేట్‌కు చేరువలోనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిర్బంధితులు చనిపోయారు. తర్వాత 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది ఆ శిబిరం భవనంలోనే. అవే నెలల్లో టోక్యోలో యోషిదా కార్మికశాలలో భారతదేశపు బ్లాకులు తయారవుతున్నాయి. ఆ ప్రింట్లలో తలపాగాలున్నాయి, ఒంటెలున్నాయి, పాములవాళ్లున్నారు. ఖద్దరు లేదు, లాఠీ లేదు.

ఇది ఒక్క యోషిదా లోపం కాదు. ప్రయాణికుల కోసం, దూరదేశపు కొనుగోలుదారుల కోసం వేసే ప్రతి అందమైన బొమ్మకూ ఈ పరిమితి ఉంటుంది. ఆయన ప్రింట్లను 1931 నాటి భారతదేశానికి సాక్ష్యంగా చూస్తే సగమే దొరుకుతుంది. రాతి మీద ఆ ఏటి ఎండ ఎలా పడిందో చెప్పమంటే మాత్రం ఇంత నమ్మకమైన సాక్షులు తక్కువ.

తొంభైకి పైగా అద్దకాలు

భారత యాత్ర తర్వాతి ఏళ్లలో ఆయన మళ్లీ జపాన్ ఆలయాల మీద కూర్చున్నారు. 1933లో క్యోటోలోని కింకకు బంగారు మండపం, నారాలో పగోడా నీడ పడే సరుసవా కొలను. 1937లో నిక్కో తోషోగు ఆలయపు యొమెయ్ ద్వారం. పూలు, సింహాలు, డ్రాగన్లు, మనుషుల శిల్పాలతో కిక్కిరిసిన కట్టడం అది. దాన్ని ప్రింటుగా తేవడానికి ఒక్కో కాగితాన్ని తొంభైకి పైగా సార్లు బ్లాకు మీద పరిచి రుద్దాల్సి వచ్చింది. తొంభయ్యోసారి కాగితం జారినా అంతకుముందు పనంతా పోయినట్టే. తన పద్ధతులన్నీ వివరిస్తూ 1939లో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం ప్రచురించారు. వృత్తి రహస్యాలను దాచుకునే లోకంలో అది అరుదైన పని.

అప్పటికి జపాన్ చైనా మీద యుద్ధంలో ఉంది. 1938 నుంచి 1940 మధ్య యోషిదా సైన్యం వెంట యుద్ధ చిత్రకారుడిగా చైనా వెళ్లారు. దురాక్రమణ చేసిన సైన్యపు గొడుగు కింద చేసిన ప్రయాణాలవి. ఆయన జీవితం చెప్పేటప్పుడు దాటేయకూడని అధ్యాయం ఇది. హిజ్లీ కాలపు భారతదేశంలో కనిపించిన ఆ ఎంపిక చూపే ఇక్కడ ఇంకా బరువైన ప్రశ్నగా మారుతుంది.

1945 ఏప్రిల్‌లో బాంబుదాడుల్లో మెయిజీ ఆలయ ప్రధాన భవనాలు కాలిపోయాయి. ఆయన మొదటి ప్రింటు పుట్టిన ఆవరణ అది. యుద్ధం ముగిశాక అమెరికన్ అధికారులు, వాళ్ల కుటుంబాలు ఆయన ఇంటికి వచ్చి ప్రింట్లు ఎలా వేస్తారో చూసేవాళ్లు, కొనుక్కుని వెళ్లేవాళ్లు. నగరాలను కాల్చిన దేశం వాళ్లే ఆ నగరాల ఆలయాల బొమ్మలను ఇళ్లకు పట్టుకెళ్లారు. 1946లో ఒక రైతు ఇంటి లోపలి దృశ్యం ఆయన చివరి ప్రింటు.

1950 ఏప్రిల్ 5న టోక్యోలో 73వ ఏట యోషిదా కన్నుమూశారు. మూడు నెలలు తిరగకుండానే, జులై 2న, ఒక యువ సన్యాసి నిప్పు పెట్టడంతో కింకకు బంగారు మండపం కాలిపోయింది. ఇవాళ క్యోటోలో యాత్రికులు చూసేది 1955లో మళ్లీ కట్టినది. యోషిదా చూసింది పాతదాన్ని.

సేకరించేవాళ్లు ఏం చూస్తారు?

ఆయన దాదాపు 250 ప్రింట్లు చేశారు. లండన్ కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో యువరాణి డయానా బల్ల వెనక గోడకు ఆయన ప్రింట్లు వేలాడుతున్న ఫొటో ప్రసిద్ధం. అందులో ఒకటి టోక్యో కమెయిదో ఆలయపు వంతెన. ఇలాంటి పేర్ల వల్ల ధరలు పెరుగుతాయి. తెలిసి కొనేవాళ్లు మాత్రం ముందు కాగితం అంచు చూస్తారు.

అంచున జిజురి ముద్ర ఉందా? కింద పెన్సిల్‌తో ఇంగ్లిష్ సంతకం ఉందా? ఫ్రేములో ఇమడటం కోసం అంచు కత్తిరించారా? ఎండ తగిలి ఆకాశం రంగు వెలిసిందా? ఆయన పోయాక కుటుంబం అవే బ్లాకులతో ప్రింట్లు వేసింది. అవి నకిలీలు కావు. వాటి మీద జిజురి ఉండదు, సంతకం కూడా చేత్తో పెట్టినది కాదు. బ్లాకు అదే, బొమ్మ అదే, ధరలో మాత్రం చాలా తేడా.

ఈ తేడా చాదస్తంగా అనిపించవచ్చు. దాని వెనక న్యాయం ఉంది. ఏ రంగు ఎంత తడిగా ఉండాలి, ఏ చోట ఎంత ఒత్తాలి అన్నది బ్లాకులో ఉండదు, మనిషి తీర్పులో ఉంటుంది. 1923లో బ్లాకులు పోయినా యోషిదా మళ్లీ నిలబడింది ఆ తీర్పు తన దగ్గరే ఉండటం వల్ల. పెడనలో ముసలి అచ్చులు గూళ్లలో మూలుగుతూ, వాటిని అద్దే చేతులు తగ్గిపోతున్నప్పుడు మనకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అచ్చును మ్యూజియంలో దాచవచ్చు. చేతిని దాచడానికి ఇంకో మనిషికి నేర్పడం ఒక్కటే దారి.

యోషిదా ఇంట్లో ఆ పని జరిగింది. పక్కన కూర్చుని నేర్చుకున్న తోషి 1995లో చనిపోయేదాకా ప్రింట్లు వేశారు. ఫుజియో దాదాపు వందేళ్లు బతికి 1987 దాకా చిత్రకారిణిగానే ఉన్నారు. తమ్ముడు హొదకా, ఆయన భార్య చిజుకో, కూతురు అయోమి కూడా ఇదే దారిలో నడిచారు. చెక్కలు కాలినా, గుడులు కాలినా ఆ చేతిపని తెగిపోలేదు.